సమాఖ్యరాజ్యములందు వైద్యసహాయము

ప్రజలకు వైద్యసహాయ మొసగు భారము కేంద్రప్రభుత్వముపై నుండవలెనా, రాష్ట్రప్రభుత్వములపై నుండవలెనా యను ప్రశ్న మన పత్రికలలోను సభలలోను తఱచుగా వినవచ్చుచున్నది. సమీపమున నున్న ప్రభుత్వమునకే ప్రజల కష్టము తెలియునని రాష్ట్రపక్షమువా రందురు. పేదరాష్ట్రమున బుట్టినంతమాత్రమున రోగి యేల దండన మనుభవింపవలెనని కేంద్రపక్షమువా రడుగుదురు. రెండును విన నింపైన మాటలే. ఉభయులును తమ వాదమునకు బలముగా దేశదేశముల లెక్కలు తెచ్చి చూపుదురు: ఇందఱికి ఒక డాక్టరు, ఇందఱికి ఒక పడక, తలకింత వ్యయము, సగటు ఆయుర్దాయ మింత. ఈ లెక్కలు అబద్ధములని మే మనము. కాని యిరువదేండ్లుగా బడిపిల్లల కాగితములు దిద్దు వృత్తిలో నున్న మాకు సగటుపై నంత నమ్మకము లేదు. తరగతి సగటు నూటికి 60 అని పై యధికారికి వ్రాసి పంపిన నాడు, వెనుకబల్లమీద గూర్చుండి సున్న తెచ్చుకొన్న బాలుడు ఆ 60లో నెచటను గానరాడు.

సమాఖ్యరాజ్యము వేర్వేఱు ముక్కలను జేర్చి కుట్టిన వస్త్రము వంటిది. దానిని బరీక్షింపగోరువాడు నడుమనున్న నేత నున్నగా నున్నదని తృప్తి పడరాదు; కుట్టుకడ పట్టి లాగి చూడవలెను. ఒక ప్రభుత్వముయొక్క బాధ్యత ముగిసి మఱియొక ప్రభుత్వముయొక్క బాధ్యత యారంభమగు చోట రోగి యేమగుచున్నాడు? వికేంద్రీకృతమైన వైద్యవిధానమును విమర్శించువారు మొదట నడుగవలసిన ప్రశ్న యిది. వారు దీనిని కడపట నడుగుచున్నారు. పెక్కుమా ఱడుగనే యడుగరు. ఈ దృష్టితో కెనడాదేశపు విధానమును పరిశీలింప నెంచితిమి. అచట నివసించు తెలుగువారి మూలమున, ఆసుపత్రిలో బిల్లు కట్టనక్కఱలేని దేశమని మన యిండ్లలో దానికొక పేరు వచ్చినది. అదియునుగాక అచటి రాజ్యాంగమునకును మనదానికిని, ఆంగ్లేయుల శాసనసంప్రదాయమునుండి వచ్చిన పోలికలు కొన్ని గలవు.

1867లో బ్రిటిషు పార్లమెంటు చేసిన శాసనముచే కెనడా సమాఖ్య యేర్పడినపుడు, ఆసుపత్రులను, పిచ్చివారి శరణాలయములను, ధర్మసంస్థలను నెలకొల్పి నడపు నధికారము రాష్ట్రముల కీయబడినది. అంటువ్యాధులవారిని రేవులయం దాపియుంచుటయు, నావికుల యాసుపత్రులును మాత్రము కేంద్రమునకు వచ్చినవి. ఇది గొప్ప సిద్ధాంతమేదో మనసున నుంచుకొని చేసిన విభాగము కాదు. ఆ కాలమున ఆసుపత్రి యనగా దిక్కులేనివారు పడియుండు చోటు; కలవారు ఇంటనే వైద్యము చేయించుకొనెడివారు. అది ధర్మకార్యములలో నొకటియని యెంచి రాష్ట్రములకు విడిచిరి. పన్నులలో విస్తారమైన యధికారమును మాత్రము కేంద్రము తనకడ నుంచుకొని, రాష్ట్రములకు ప్రత్యక్షపు పన్నులను మాత్రమే వదలినది. తరువాత వైద్యశాస్త్రము పెరిగినది. ఆసుపత్రి సర్వజనులకును అవసరమైనది. వ్యయము కొండవలె పెరిగినది. భార మొకరిది, బొక్కస మొకరిది యయ్యెను. ఆ దేశపు వైద్యచరిత్ర యంతయు నీ రెంటినడుమ జరిగిన బేరమే యన్నను తప్పులేదు.

ఆ బేరమునకు దారి తీసినది ధనికరాష్ట్రము కాదు. పడమటి మైదానములలోని సస్కాచెవాన్ గోధుమరైతుల రాష్ట్రము. 1940 ప్రాంతమున అచటి జనసంఖ్య పదిలక్షలకు లోపు. పొలములు విశాలములు, ఇండ్లు దూరదూరములు, చలికాలమున దారులు మంచుతో మూసికొనిపోవును. అట్టి చోట డాక్టరు నిలువడు. ఏలయన రోగులు కొలదిమంది, ఆ కొలదిమందియు ఇచ్చుకొనలేనివారు. కావున అచటి గ్రామమండలులు తామే పన్ను వేసికొని, జీతమిచ్చి డాక్టరును నిలుపుకొన నారంభించినవి. 1916లో రాష్ట్రశాసన మొకటి ఈ పద్ధతికి చట్టబద్ధత కల్పించినది. కొన్ని మండలులు కలసి యొక యాసుపత్రి కట్టుకొనుటకును ఆ యేడే శాసనము వచ్చినది. ఇచట వికేంద్రీకరణము పైవారు దయచేసినది కాదని చదువరులు గమనింపవలెను. క్రిందివారు తమ కొఱతను తామే కనుగొని, తమ పన్నుతో, తమకు జవాబు చెప్పుకొనవలసిన మనుష్యుని నియమించుకొనిరి. అధికారము, ధనము, జవాబుదారీ మూడును ఒక్కచోటనే యుండెను. వికేంద్రీకరణమను పేరుతో తరువాత జరిగిన మార్పులు పెక్కింటిలో ఈ మూడును మూడుచోట్ల నుండుట చూడగలము.

1944లో ఆ రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన టామీ డగ్లస్ బాల్యమున కాలియెముకకు పట్టిన వ్యాధిచే మిక్కిలి బాధపడినవాడు. తలిదండ్రులు పేదలు, కాలు తీసివేయక తప్పదని వైద్యులు చెప్పిరి. విన్నిపెగ్ నగరపు శస్త్రవైద్యు డొకడు, తన విద్యార్థులు చూచుట కొప్పుకొన్నచో సొమ్ము పుచ్చుకొనకయే చికిత్స చేసెదనని పలికి, చేసి, ఆ కాలు నిలిపెను. ఒక బాలుని కాలు ఒక వైద్యుని దయపై నాధారపడుట న్యాయమా యను చింత డగ్లసును జీవితాంతము విడువలేదు. అధికారమునకు వచ్చినతోడనే ఆతడు హెన్రీ సిగరిస్ట్ అను వైద్యచరిత్రకారుని రావించి, రాష్ట్రమునకు దగిన విధానమును సూచింపుమని కోరెను. ఈ సిగరిస్టు మనకు గూడ సంబంధించినవాడే. ఆ పని ముగించుకొని, అదే 1944వ సంవత్సరపు కడపటి నెలలలో ఆతడు భారతదేశమునకు వచ్చి, భోర్ సంఘమునకు సలహా యిచ్చిన విదేశనిపుణులలో నొకడయ్యెను. (ఆతని వైద్యచరిత్ర రెండవ సంపుటమున ప్రాచీన హిందూవైద్యమును గూర్చిన భాగము సంస్కృతాభిమానులు చదువదగినది.) ఒకేయేడు ఒకే మనుష్యునియెదుట రెండు దేశముల యవస్థ నిలిచినది. అచట పదిలక్షలకు లోపు జనము; ఇచట నలుబదికోట్లకు చేరువ. అచట రెండేండ్లు తిరుగకమునుపే, 1946లో, స్విఫ్ట్ కరెంట్ ప్రాంతమున సర్వజనులకును వైద్య మారంభమయ్యెను. 1947 జనవరి 1వ తేదీనుండి ఆసుపత్రి భీమా రాష్ట్రమంతట వ్యాపించెను. తలకు సంవత్సరమునకు 5 డాలర్లు చెల్లించిన జాలును. ఇచట 1946లో భోర్ సంఘపు నివేదిక అచ్చయినది. దాని సంగతి ముందు చెప్పెదము.

ఆసుపత్రి ఖర్చునకు భీమా వచ్చినను డాక్టరు ఫీజునకు రాలేదు. అది మఱి పదునైదేండ్లు పట్టినది. 1957లో ఆసుపత్రుల వ్యయమున సుమారు సగము తా నిచ్చెదనని కేంద్రము శాసనము చేయగా సస్కాచెవాన్ బొక్కసమునకు కొంత యూపిరి యాడినది. ఆ ధైర్యముతో ఆ రాష్ట్రము 1961లో వైద్యభీమా శాసనమును గావించి, 1962 జూలై 1వ తేదీనుండి యమలు పఱచినది. నాడే డాక్టర్లు సమ్మె కట్టిరి. ఇరువదిమూడు దినములు సమ్మె సాగెను. బ్రిటనునుండి వైద్యులను విమానములపై రప్పించవలసి వచ్చినది. అప్పటి ముఖ్యమంత్రి వుడ్రో లాయిడ్ పూర్వము బడిపంతులు. ఈ మాట వ్రాయుచు మాకు గలిగిన చిన్న గర్వమును చదువరులు మన్నింతురుగాక. ఆతడు చలింపలేదు. తుద కొక రాజీ కుదిరినది. అతని పక్షము 1964 ఎన్నికలలో నోడిపోయినది గాని, గెలిచినవారు ఆ భీమాను తీసివేయ సాహసింపలేదు. ఆ సంవత్సరమే, ఎమ్మెట్ హాల్ అను న్యాయమూర్తి యధ్యక్షతను కేంద్రము నియమించిన విచారణసంఘము, సస్కాచెవాన్ పద్ధతిని దేశమంతట నెలకొల్పవలెనని తీర్పు చెప్పినది. 1966లో కేంద్రశాసనము వచ్చినది. 1972 నాటికి అన్ని రాష్ట్రములును అందు జేరినవి.

వికేంద్రీకరణమును మెచ్చువారు ఈ కథను తమ విజయముగా జెప్పుకొందురు. చెప్పుకొనదగినదే. దేశమంతయు ఒక్కమాఱుగా సాహసింపజాలని పనిని ఒక చిన్న రాష్ట్రము చేసి చూపినది. తప్పినయెడల నష్ట మొక్క రాష్ట్రముతో బోయెడిది. కాని వారు రెండు సంగతులను మఱచుచున్నారు. ఒకటి, కేంద్రము ధనము పెట్టనిచో సస్కాచెవాన్ దీపము సస్కాచెవానులోనే వెలుగుచుండెడిది. రెండవది యింకను ముఖ్యము: ఒకచోట గుణము పుట్టి వ్యాపించినట్లే ఒకచోటి దోషమును వ్యాపించును. 1962 రాజీలో, చూచిన ప్రతి రోగికిని చేసిన ప్రతి పనికిని వేఱువేఱుగా ఫీజు పుచ్చుకొను హక్కు డాక్టర్లకు నిలిచినది. ఇరువదిమూడు దినముల యిక్కట్టులో నొక రాష్ట్రము ఒప్పుకొన్న యీ పద్ధతియే దేశమునకంతకును మూసయయ్యెను. ఆసుపత్రి వెలుపల రోగి కొనుకొను మందులును పథకములోనికి రాలేదు. హాల్ సంఘము 1964లోనే మందులనుగూర్చి సూచించియున్నను, కేంద్రము మందులకొఱకు శాసనము చేయుట 2024లో గాని జరుగలేదు. అదియు మధుమేహపు మందులు, గర్భనిరోధకములు అను రెండు తరగతులతో నారంభమైనది. డాక్టరును ఉచితముగా జూచి, చీటి పట్టుకొని మందులయంగడి ముందఱ నిలిచి లెక్కపెట్టుకొను రోగి మనదేశమునకు మాత్రమే సొంతమని యనుకొనరాదు.

ఇక ధనము మాట. సగము ఖర్చు తా నిత్తునన్న కేంద్రమునకు, ఖర్చు చేయువాడు వేఱొకడైనపుడు తన సగము ఎంత పెరుగునో తెలియదు. 1977లో నా యేర్పాటును మార్చి, ఖర్చుతో సంబంధములేని మొత్తమును, కొంత పన్ను వేయు నధికారమును రాష్ట్రములకు విడిచినది. కట్టు వదలినంతనే కొన్ని రాష్ట్రములలో డాక్టర్లు భీమాపై నదనముగా రోగికడ సొమ్ము పుచ్చుకొన సాగిరి. దానిపై 1984లో కెనడా ఆరోగ్యశాసనము పుట్టినది. నిర్వహణము ప్రభుత్వముది కావలెను, అవసరమైన చికిత్సలన్నియు చేరవలెను, జనులందఱును చేరవలెను, ఒక రాష్ట్రపువాడు మఱియొక రాష్ట్రమునకు బోయినను హక్కు వెంట రావలెను, సొమ్ము అడ్డుగా నిలువరాదు. రోగికడ అదనముగా ఎన్ని డాలర్లు పుచ్చుకొనబడినవో అన్ని డాలర్లు రాష్ట్రమునకు రావలసిన దానిలో కోతపడును. ఆ శాసనము పార్లమెంటున ఏకగ్రీవముగా నెగ్గినది. దాని సొగసంతయు సంక్షేపమున నున్నది. ఆసుపత్రి యెట్లు కట్టుకొనవలెనో, దానికే రంగు వేయవలెనో అది చెప్పదు. రోగికి జరుగగూడనిదేదో అది చెప్పును.

ఐనను ధనము తగ్గించువాడు పైనుండి, తలుపు మూయువాడు క్రింద నుండుట తప్పలేదు. 1993లో సస్కాచెవాన్ ప్రభుత్వమే, ఏ గ్రామములు తమ పన్నులతో ఆసుపత్రులను గట్టుకొన్నవో ఆ గ్రామసీమలలో, 52 చిన్న యాసుపత్రులను ఆసుపత్రులుగా నుండకుండ జేసినది. 1995లో కేంద్రము బడ్జెటులో రాష్ట్రముల కిచ్చు మొత్తమును కోసినపుడు నింద మోసినవి రాష్ట్రములే. ఆ దశాబ్దముననే "ప్రజలకు చేరువ" యను పేరుతో రాష్ట్రములు లోలోపల ప్రాంతీయ ఆరోగ్యమండలులను స్థాపించినవి. ఈ మండలులకు పన్ను వేయు నధికారము లేదు. పైనుండి వచ్చిన దానిని పంచుటయు, చాలలేదని జనులకు జెప్పుటయు వాని పని. ఆల్బర్టా 1994లో 17 మండలులు పెట్టి, 2003లో 9 చేసి, 2008లో అన్నిటిని ఒక్కటిగా గలిపివేసినది. ఆ యొక్కదానిని మరల విడదీయుదమని 2023లో ప్రకటించినది. సస్కాచెవాన్ మండలులు ముప్పదికిబైగా నుండి 2002లో 12 అయి, 2017లో ఒక్కటియైనవి. బల్లలు అటునిటు మార్చినంతమాత్రమున పిల్లలకు లెక్కలు రావని ఉపాధ్యాయు లెఱుగుదురు.

ఇంతవఱకు చెప్పినది వస్త్రపు నడుమ సంగతి. కుట్టుకడకు వత్తము. కెనడాలోని ఆదిమజాతులవారి విషయమున నధికారము కేంద్రముది, ఆసుపత్రులు రాష్ట్రములవి. మానిటోబా రాష్ట్రమున నార్వే హౌస్ అను క్రీ జాతివారి పల్లెకు జెందిన జోర్డన్ అను శిశువు పుట్టుకతోడనే కఠినమైన వ్యాధితో విన్నిపెగ్ ఆసుపత్రిలో పెరిగినాడు. రెండేండ్ల వయసున డాక్టర్లు వానిని ఇంటికి బంపవచ్చుననిరి. ఇంట కావలసిన ఉపచారమునకు మాత్రము సొమ్ము కావలెను. అది మా బాధ్యత కాదని కేంద్రము, మాది కాదని రాష్ట్రము. ప్రతి యుపకరణముపైనను ఉత్తరప్రత్యుత్తరములు జరిగినవి. రెండేండ్లకు పైగా వ్యవహారము సాగుచుండగనే, ఇంటి ముఖము చూడకయే, 2005లో ఐదేండ్ల వయసున ఆ బాలుడు ఆసుపత్రిలోనే చనిపోయెను. డాక్టర్లు లేక కాదు, మందులు లేక కాదు, దేశము పేదదైనందున కాదు. ఆ బాలుడు రెండు ప్రభుత్వముల కుట్టులో జిక్కుకొనినాడు. ఏ సగటులోను వాని పేరు లేదు.

2007 డిసెంబరులో కెనడా పార్లమెంటు దిగువసభ ఏకగ్రీవముగా నొక తీర్మానము చేసినది. బిడ్డ యే ప్రభుత్వమును మొదట నాశ్రయించునో ఆ ప్రభుత్వము వెంటనే సొమ్ము చెల్లించి చికిత్స జరుపవలెను. ఎవరు భరింపవలెనను తగవు తరువాత తీర్చుకొనవలెను. దీనికి జోర్డన్ సూత్రమని పేరు. తీర్మానమును ప్రభుత్వమెంత యిఱుకుగా అన్వయించినదో, 2016లో మానవహక్కుల న్యాయస్థానము తప్పు పట్టువఱకును అది సరిగా నమలులోనికి రాలేదు. ఐనను సమాఖ్యరాజ్యమున వైద్యమునుగూర్చి మేము చదివిన సూత్రములలో నింతకంటె ఉపయోగకరమైనది మఱియొకటి లేదు.

ఈ కథ విని, అంతయు కేంద్రము చేతిలో బెట్టినచో కుట్టే యుండదుగదా యని కొంద ఱనవచ్చును. ఆదిమజాతుల వైద్యము దశాబ్దములుగా కేంద్రము చేతిలోనే యుండెను. ఆ దేశమున మిక్కిలి హీనస్థితిలో నున్న వైద్యమును అదే. 2013లో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున ఆ జాతులవారే స్థాపించుకొన్న యారోగ్యసంస్థకు కేంద్రము తన కార్యక్రమములను, సిబ్బందిని, సొమ్మును గలిపి యప్పగించినది. 1916 నాటి గ్రామమండలుల మార్గమును గొంతవఱకు మరల ద్రొక్కుట యిదియే.

ఇప్పుడు భోర్ నివేదిక. 40,000 జనమున కొక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము కావలెనని యది మొదటి మెట్టుగా జెప్పినది. కాని 1919 శాసనమునాటినుండియు ఆరోగ్యము రాష్ట్రముల పాలు. 1950 రాజ్యాంగమునను ప్రజారోగ్యము, ఆసుపత్రులు, ఔషధాలయములు రాష్ట్రజాబితాలో ఆఱవ యంశముగా నిలిచినవి. పన్నుల పెద్దభాగము కేంద్రముది. కెనడా 1867లో బడిన చిక్కులోనే మనమును బడితిమి. 1957లో వారికి గలిగిన తెలివి మాత్రము మనకు చాలకాలము గలుగలేదు. కేంద్రము ధనమిచ్చిన చోట నది తాను గోరిన పనికే యిచ్చుచు వచ్చినది. 1976లో కుటుంబనియంత్రణమును ఉమ్మడి జాబితాలో జేర్చిన కాలమున, ఢిల్లీలో వ్రాసిన లక్ష్యములకొఱకు పల్లెడాక్టర్లు తక్కిన రోగులను విడిచి పరుగెత్తిన సంగతి పెద్దలు మఱవలేదు. 2023లో నేమి జరిగినది? ఆరోగ్యకేంద్రముల గోడపై నే పేరు వ్రాయవలెనన్న తగవుచే పంజాబునకు రావలసిన జాతీయ ఆరోగ్యధనము నిలిచిపోయినది. కెనడా కేంద్రము రోగికడ సొమ్ము పుచ్చుకొన్న రాష్ట్రమునకు ధనము కోసినది. మన కేంద్రము బోర్డుపై తన పేరు లేని రాష్ట్రమునకు ధన మాపినది. షరతు పెట్టు హక్కు ఇరువురకును గలదు. ఆ హక్కు నెవరికొఱకు వినియోగించుచున్నారను దానిని బట్టియే మంచిచెడ్డలు నిర్ణయింపవలెను. మంచి యుదాహరణము మనయందు లేకపోలేదు. 1996లో కేరళము ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను పంచాయతీల కప్పగించుచు, ప్రణాళికాధనమున మూడవవంతునకు బైగా స్థానికసంస్థలకు గూడ నప్పగించినది.

తెలుగువారికి కుట్టు సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. 2021 మే నెలలో కరోనా ముమ్మరముగా నున్నపుడు, ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదు ఆసుపత్రులకు రోగులను గొనివచ్చు అంబులెన్సులు రాష్ట్రపు సరిహద్దుకడ ఆపబడినవి. ఏడేండ్ల క్రిందటివఱకు ఒక్కటియైన రాష్ట్రము. రోగికిని రోగిని ఆపినవానికిని భాష యొక్కటే. ఆసుపత్రిలో పడక యున్నదని ముందుగా కాగితము చూపవలెననిరి. ఊపిరి యాడనివాడు కాగిత మెచటనుండి తెచ్చును? తెలంగాణ హైకోర్టు ఆ యుత్తరువును నిలిపివేసి, వాహనముల నాపరాదని యాజ్ఞాపించిన పిమ్మట దారి తెఱువబడినది. తన ప్రజలకు పడకలు చాలవని తెలంగాణ ప్రభుత్వము చెప్పిన కారణము కేవలము త్రోసిపుచ్చదగినది కాదు. పక్కరాష్ట్రపు రోగి ఖర్చును, పడకను ఎవరు భరింపవలెనో ముందుగా నిర్ణయించిన నియమము లేనపుడు ప్రతి ప్రభుత్వమును తలుపు మూయుటకే చూచును. కావున తప్పు పోలీసువానియందు కాదు, ముందుగా నియమము వ్రాసికొననివారియందు గలదు.

2016లో మా బడిలో చదువు బాలుని తండ్రి యొకడు బెంగుళూరున తాపీపనికి బోయి, పరంజమీదనుండి పడి తొడయెముక విరుగగొట్టుకొనెను. జేబులో ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నది. అది యీ రాష్ట్రమున చెల్లదని యచటి యాసుపత్రివారు చెప్పిరి. వారి మాటలో అసత్యము లేదు. కట్టు కట్టించుకొని, రాత్రియంతయు బస్సులో నడుమదారిని పరుపు వేయించుకొని పండుకొని వచ్చెను. 2007లో ఆరోగ్యశ్రీని స్థాపించినపుడు అది తక్కిన దేశమునకు మేలుబంతియని పొగడ్త నందినది. పేదలకు పెద్దశస్త్రచికిత్సలు దానిమూలమున జరిగినవనుటయు నిజము. కాని పని వెదకికొనుచు రాష్ట్రము దాటిపోవువాడే పేదలలో బెక్కుమంది యను సంగతి దానిలో వ్రాయబడలేదు. 2018లో వచ్చిన కేంద్రపథకము కుటుంబమునకు యేడాదికి 5 లక్షల రూపాయలవఱకు, అందు జేరిన రాష్ట్రములలో నెచటనైనను చెల్లునట్లు ఏర్పఱచినది. 2019 నవంబరునుండి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరములలోని కొన్ని యాసుపత్రులలో తన కార్డును చెల్లించునట్లు చేసినది. ఇవి సరియైన చోట వేసిన కుట్లు.

అవి నిలిచినవా లేదా యని తెలిసికొనుటకు రాష్ట్రప్రభుత్వములు తమ వార్షికనివేదికలలో, ఇన్ని లక్షలమందికి చికిత్స చేయించితిమను పంక్తి ప్రక్కనే, పరరాష్ట్రమున మన కార్డు చూపి చికిత్స పొందినవా రెందఱో, తిరస్కరింపబడి మఱలినవా రెందఱో, ప్రభుత్వములు చెల్లింపులకై తగవులాడుచుండగా మంచముపై వేచియున్నవా రెందఱో, ఎన్ని దినములు వేచిరో గూడ అచ్చువేయవలెనని మేము కోరుచున్నాము. ఆసుపత్రుల లెక్కపుస్తకములలో ప్రతి తిరస్కారమునకు ఒక వరుస యేర్పఱచుట గుమాస్తా పని. దానికి రాజ్యాంగసవరణము అక్కఱలేదు.